అక్టోబర్‌లో లేక్ పక్కన యర్ట్: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

గుంటూరు_టు_కమ్మింగ్:
పిల్లలకు అక్టోబర్‌లో నాలుగు రోజులు సెలవులు. మా అమ్మానాన్న ఇక్కడే ఉన్నారు, డిసెంబర్‌లో వెళ్లిపోతారు. ఈలోపు అట్లాంటా చుట్టుపక్కల ఏదైనా లేక్ దగ్గర రెండు రాత్రులు ఉండి రావాలని ఉంది. టెంట్ అంటే నాన్న "ఈ వయసులో గుడారమా?" అన్నారు. ఫోర్ట్ యార్గో పార్కులో యర్ట్ (గుడ్డ గోడల గుండ్రటి గది) తీసుకోవాలా, రెడ్ టాప్ మౌంటెన్ పార్కులో కాటేజ్ తీసుకోవాలా? పెద్దవాళ్లతో యర్ట్‌లో ఉన్నవాళ్లు చెప్పండి. బాత్రూం ఎంత దూరం? వంట సంగతేంటి? పక్కబట్టలు మనమే తీసుకెళ్లాలా?

మూడోసారి_వెయిట్‌లిస్ట్:
అక్టోబర్ శనివారానికి ఇప్పుడు అడుగుతున్నారా! జార్జియా పార్కుల బుకింగ్ 13 నెలల ముందే తెరుస్తారు. ఆకులు రంగు మారే వారాంతాలు అప్పుడే అయిపోతాయి. పోయినేడాది నేను అలారం పెట్టుకుని కూర్చున్నా దొరకలేదు. తర్వాత మా కమ్యూనిటీలోనే ఒకాయన నాలుగు యర్ట్‌లు పట్టేసి, చివరి వారంలో రెండు వదిలేశాడని తెలిసింది. ఇలాంటివాళ్ల వల్లే మిగతావాళ్లకు ఈ తిప్పలు.

సువానీ_బ్యాచ్:
ఆ ఒకాయన నేనే అనుకుంటా. రెండు కుటుంబాల్లో పిల్లలకు జ్వరాలు వచ్చాయి. క్యాన్సిలేషన్ డబ్బులు మా జేబులోంచే పోయాయి. తెలుసుకోకుండా మాట్లాడకండి.

మూడోసారి_వెయిట్‌లిస్ట్:
ఇద్దరికీ ఒకే వారం జ్వరం. సరే సర్.

విండర్_వదిన:
ఆ గొడవ వదిలేయండి. మాకు ఫోర్ట్ యార్గో ఇంటి వెనక పెరడు లాంటిది. యర్ట్ లోపల బంక్ బెడ్, ఫ్యూటాన్ (మంచంగా పరుచుకునే సోఫా), లైటు, ఫ్యాను, ప్లగ్ పాయింట్లు అన్నీ ఉంటాయి. నేను రైస్ కుక్కర్ తీసుకెళ్లి లోపలే అన్నం వండేశాను. ఇంటి నుంచి పప్పు, గోంగూర పచ్చడి తెచ్చుకున్నాం. లేక్ చూస్తూ వేడన్నం తింటుంటే మా అత్తగారు "ఇదేదో బాగుందే" అన్నారు. ఆవిడ నోట ఆ మాట రావడం ఎంత అరుదో మా ఇంట్లో అందరికీ తెలుసు.

రూల్స్_రామయ్య:
వదినా, యర్ట్ లోపల వంట చేయకూడదు. బయట గ్రిల్, బెంచి ఇచ్చేది అందుకే. గోడలు గుడ్డవి. అంటుకుంటే ఎవరిది బాధ్యత?

విండర్_వదిన:
గ్యాస్ స్టవ్ పెట్టానా? నిప్పు లేదు, నూనె లేదు. కరెంటు కుక్కర్ వంటెలా అవుతుంది?

రూల్స్_రామయ్య:
బియ్యం పెడితే అన్నం అయిందా లేదా? దాన్ని వంట అనరా?

కూకట్‌పల్లి_కార్తీక్:
😂😂

విండర్_వదిన:
నవ్వండి నవ్వండి. నూడుల్స్ కోసం కెటిల్‌లో నీళ్లు కాచుకుంటే తప్పు లేదు, అన్నం వండితే తప్పొచ్చింది.

పోర్ట్‌లాండ్_పాతకాపు:
మీరందరూ యర్ట్ అంటే నిన్నమొన్నటి సంగతి అనుకుంటున్నారు. పార్కుల్లో యర్ట్‌లు వేయడం మొదలుపెట్టిందే మా ఒరెగాన్, 1994లో కేప్ లుకౌట్ పార్కులో. అసలు మంగోలియాలో దాన్ని గేర్ అంటారు, యర్ట్ అన్నది టర్కిక్ భాషల నుంచి రష్యన్ మీదుగా వచ్చిన మాట. నేను పన్నెండేళ్లుగా ఏటా వెళ్తున్నాను. హనీమన్ పార్కు చూడాలి మీరు. ఒకవైపు ఇసుక దిబ్బలు, ఆ దిబ్బల అడుగునే క్లియోవాక్స్ లేక్. పిల్లలు దిబ్బ మీంచి జారి నీళ్లలో పడతారు. మీ జార్జియా యర్ట్‌లు వాటి ముందు ఎందుకూ చాలవు.

కూకట్‌పల్లి_కార్తీక్:
అన్నా, ఆయన కమ్మింగ్ నుంచి రెండు రాత్రులు అడిగాడు. ఒరెగాన్ వెళ్లి రావడానికే ఆ రెండు రాత్రులు సరిపోతాయి.

పోర్ట్‌లాండ్_పాతకాపు:
విషయం తెలియడం కోసం చెప్పాను బ్రో. తెలుసుకుంటే పోయేదేముంది.

ఆవకాయ_బాధితుడు:
హై ఫాల్స్ పార్కులో యర్ట్ బాగుంటుంది. ఐ-75 హైవే మీద దక్షిణానికి వెళ్తే చాలు, దారి తప్పే పనే లేదు. లేక్ ఎదురుగానే ఉంటుంది, జలపాతం కూడా ఉంది. నా బాధ వేరే. రాత్రి సామాన్లు డెక్ మీద వదిలేసి పడుకున్నాం. రకూన్‌లు (రాత్రిపూట తిరిగే చిన్న అడవి జంతువులు) వచ్చి చిప్స్ తిన్నాయి, పెరుగు డబ్బా తెరిచాయి, అది కూడా పోనీలే అనుకున్నా. మా అమ్మ నిడదవోలు నుంచి పంపిన ఆవకాయ డబ్బాను మాత్రం పొదల్లోకి లాక్కెళ్లిపోయాయి. పొద్దున ఖాళీ డబ్బా దొరికింది. తిన్న రకూన్ పరిస్థితి ఏమైందో తెలియదు. తిండి ఏదైనా కారు డిక్కీలో పెట్టి తాళం వేయండి.

విండర్_వదిన:
అయ్యో, ఆవకాయా! మరి తర్వాత రోజు ఏం తిన్నారు?

ఆవకాయ_బాధితుడు:
బ్రెడ్డు. దాని గురించి మాట్లాడుకోవద్దు అక్కా.

జాన్స్‌క్రీక్_నాన్న:
ఎవరూ లేనియర్ లేక్ అనలేదేంటి? కమ్మింగ్ వాళ్లకు ఇంటి పక్కనే కదా.

మూడోసారి_వెయిట్‌లిస్ట్:
లేనియర్ వద్దు బాబోయ్. దెయ్యాలంటారు.

జాన్స్‌క్రీక్_నాన్న:
దెయ్యాలూ లేవు, గాడిదగుడ్డూ లేదు. 1950ల్లో బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టి చటాహూచీ నదిని ఆపినప్పుడు పొలాలు, ఊళ్లు మునిగాయి. చెట్ల మొదళ్లు ఇప్పటికీ నీళ్ల కింద ఉన్నాయి. పైగా అడుగు ఒక్కసారిగా లోతవుతుంది. మనవాళ్లు ఈత రాకుండా, లైఫ్ జాకెట్ లేకుండా దిగుతారు. వార్త రాగానే "దెయ్యం లాగేసింది" అంటారు. నా ఫ్రెండ్ కళ్ల ముందే ఒక అబ్బాయి పోయాడు, అందుకే కోపం వస్తుంది. పిల్లలకు గట్టు మీద ఉన్నప్పుడే జాకెట్ తొడగండి.

సువానీ_బ్యాచ్:
నిజం. పోయినసారి మా గ్రూపులో ముగ్గురు జాకెట్ "ఫొటోలో బాగోదు" అన్నారు. పడవ ఎక్కనివ్వలేదు నేను.

హనుమకొండ_హరి:
ఇంత ఖర్చు, ఇన్ని రూల్స్ ఎందుకన్నా? ఇండియా వచ్చినప్పుడు మా ములుగు జిల్లా లక్నవరం రండి. కాకతీయుల కాలం నాటి చెరువు, వేలాడే వంతెన మీద నడిచి దీవి మీదికి పోవచ్చు. కాటేజీలు ఉన్నయ్. వేడి వేడి చేపల ఫ్రై. రకూన్‌లు లేవు, కోతులున్నయ్.

గుంటూరు_టు_కమ్మింగ్:
అందరికీ థాంక్స్. కానీ బాత్రూం ఎంత దూరం అని అడిగాను. నాన్న రాత్రి రెండు మూడు సార్లు లేస్తారు.

ఓపికతో_నడిచినవాడు:
ఇది నేను చెప్తాను. యర్ట్‌లో బాత్రూం ఉండదు. అందరికీ కలిపి స్నానాల గదులు, టాయిలెట్లు ఉన్న భవనం ఒకటి విడిగా ఉంటుంది. మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. రాత్రి ఒంటిగంటకు చలిలో టార్చి పట్టుకుని, వేర్ల మీద అడుగు తడబడుతూ వెళ్లి వచ్చాం. రెండోసారి ఆయన నన్ను లేపలేదు, తెల్లారేదాకా ఆపుకున్నారు. అది తెలిసి చాలా బాధపడ్డాను. పెద్దవాళ్లుంటే నా మాట విని కాటేజే తీసుకోండి. లోపలే బాత్రూం, వంటగది, గిన్నెలు, పక్కబట్టలు ఉంటాయి. యర్ట్‌కైతే దుప్పట్లు, దిండ్లు మీరే మోసుకెళ్లాలి. పార్కింగ్‌కు డబ్బులు వేరే.

రూల్స్_రామయ్య:
కాటేజ్‌లో వండుకోవడానికి వంటగది ఉంటుంది. అక్కడ వండితే ఎవరూ ఏమీ అనరు. గమనించగలరు.

విండర్_వదిన:
గమనించాం. ఇక ఆ కుక్కర్ గొడవ ఆపండి.

కూకట్‌పల్లి_కార్తీక్:
ఒక మాట. ప్రెషర్ కుక్కర్ మాత్రం ఎవరూ తీసుకెళ్లకండి. రాత్రి 10 దాటితే గోల చేయకూడదు. మావాళ్లు బయట గ్యాస్ స్టవ్ మీద పదిన్నరకు శనగలు పెట్టారు. మూడో విజిల్‌కు పక్క యర్ట్ వాళ్లు టార్చి వేసుకుని వచ్చి, ఏదైనా అలారం మోగుతోందా అని అడిగారు.

విండర్_వదిన:
😂 మరి శనగలు ఉడికాయా?

కూకట్‌పల్లి_కార్తీక్:
నాలుగో విజిల్ రానివ్వలేదు కదా. సగం పచ్చివే తిన్నాం.

జాన్స్‌క్రీక్_నాన్న:
ఇంటి నుంచి కట్టెలు కూడా తీసుకెళ్లకండి. ఆష్ చెట్లను తినే పురుగు ఆ కట్టెల్లోనే కొత్త అడవులకు చేరుతుంది. పార్కులోనే కొనుక్కోండి.

గుంటూరు_టు_కమ్మింగ్:
రెడ్ టాప్‌లో కాటేజ్ దొరికింది, శనివారం కాదు, మంగళ, బుధవారాల రాత్రులకు. పిల్లల సెలవుల్లోనే కాబట్టి ఇబ్బంది లేదు. నాన్నకు చెప్తే "బాత్రూం లోపలేనా?" అని అడిగి, అవునంటే టీవీ పెట్టుకున్నారు. కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) దొరుకుతుందా అన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.

పోర్ట్‌లాండ్_పాతకాపు:
హనీమన్‌లో అయితే