పాత రీలు కెమెరాలో బటన్ దిగడం లేదు. సెల్ ఎక్కడ వెయ్యాలి?

గంటస్తంభం కుర్రాడు, విజయనగరం: సాయంత్రం నుంచి దీంతోనే కుస్తీ. నాన్నగారి పాత కెమెరా బీరువాలో దొరికింది. లెన్స్ రింగు ‘ఏ’ (ఆటో) మీదే ఉంది. బటన్ నొక్కితే సగంలో ఆగిపోతోంది, వ్యూఫైండర్‌లో ఎర్ర రేకు పైకి లేస్తోంది. సెల్ మారుద్దామంటే పెట్టే చోటే లేదు. సిరిమాను జాతరకి ఫొటోలు తీస్తానని ఇంట్లో అందరికీ చెప్పేశాను. పరువు పోయేలా ఉంది.

బొబ్బిలి: మోడల్?

గంటస్తంభం కుర్రాడు: ఒలింపస్ అండి. లెన్స్ చుట్టూ గాజులాంటి బుడిపెలు ఉంటాయే, అదే.

పాత స్టూడియో, శ్రీకాకుళం: బాబూ, ముందు దాన్ని తోలు కేసులోంచి బయటికి తియ్యండి. మనది సముద్రపు గాలి, తోలు తేమ పీల్చేస్తుంది. లెన్స్ మీద టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. సాలెగూడులా తెల్లటి తీగలు కనిపిస్తే అది ఫంగస్. సిలికా జెల్ పొట్లాలు వేసి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, దుమ్ము లోపలికి పోతుంది.

బొబ్బిలి: ఆయన అడిగింది బటన్ గురించి.

నాగావళి: ట్రిప్ 35 అయి ఉంటుంది, 1967 నుంచి 1984 దాకా చేశారు. దానికి సెల్ అక్కర్లేదు తమ్ముడూ.

పాత స్టూడియో: సెల్ లేదంటారేమిటండీ? ఆ బుడిపెల వెనకున్నది సెలీనియం సెల్లే.

నాగావళి: మాస్టారూ, అతను వెతికేది కొట్లో కొనే సెల్.

పాత స్టూడియో: వెలుతురుతో కరెంటు పుట్టించేది కూడా సెల్లే. తెలియకపోతే తెలుసుకోవాలి.

నాగావళి: సరే, మీరే గెలిచారు. తమ్ముడూ, వెలుతురు పడితే దాంట్లో కొద్దిగా కరెంటు పుట్టి, వెలుతురు కొలిచే మీటరు ముల్లు కదులుతుంది. బటన్ నొక్కగానే లోపలి రేకు ఆ ముల్లును బిగించి పట్టుకుంటుంది. ముల్లు ఆగిన చోటును బట్టి లెన్స్ ఎంత తెరుచుకోవాలో, షటర్ తెరిచి ఉండేది 1/40 సెకనా 1/200 సెకనా అన్నది తేలుతుంది. వెలుతురు చాలకపోతే ఎర్ర రేకు లేచి బటన్‌ని ఆపేస్తుంది.

బొబ్బిలి: ఎక్కడ నొక్కి చూశావు?

గంటస్తంభం కుర్రాడు: గదిలోనే. ట్యూబ్‌లైట్ ఉంది కదా.

నాగావళి: ఆ మాట ముందే చెప్పొద్దూ! లెన్స్ దగ్గర ఏఎస్ఏ అంకె, అంటే రీలు వెలుతురుని ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే అంకె, ఎంతుంది?

గంటస్తంభం కుర్రాడు: 25. అది మార్చాలా?

నాగావళి: 400 రీలుకి సరిపోయే వెలుతురు కంటే 16 రెట్లు కావాలంటుంది అది! నువ్వు వేసే రీలు అంకెకి తిప్పు. పొద్దున్న ఎండలో నొక్కు, తర్వాత లెన్స్‌ని అరచేత్తో మూసి నొక్కు. ఎండలో దిగి, మూస్తే ఆగితే మీటరు బతికే ఉంది. ఎండలోనూ ఎర్ర రేకే వస్తే మీటరు పోయినట్టే. అప్పుడు రింగుని ‘ఏ’ మీంచి తీసి 2.8 మీద, అంటే లెన్స్ బాగా తెరుచుకునే అంకె మీద పెడితే బటన్ దిగుతుంది, కానీ షటర్ 1/40 మీదే ఉండిపోతుంది. ఎండలో ఫొటో తెల్లగా పోతుంది.

పాత స్టూడియో: పనిలో పని, ఆ డబ్బా కూడా ఎండబెట్టండి.

గంటస్తంభం కుర్రాడు: ఎండలో టక్కున దిగింది, చెయ్యి అడ్డం పెడితే ఆగింది. థ్యాంక్స్ అన్నా. ఇంక ఆటోఫోకస్సే కదా, అదే చూసుకుంటుంది.

నాగావళి: ఆటోఫోకస్ లేదు! దూరం నువ్వే పెట్టాలి. దూరం పెట్టే రింగు మీద ఒక మనిషి, ఇద్దరు, ముగ్గురు, కొండ బొమ్మలుంటాయి చూడు. సిరిమాను దూరంగా వస్తుంటే కొండ.

గంటస్తంభం కుర్రాడు: ఓకే. ఇంతకీ రీలు మన ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది?

బొబ్బిలి: రీలు లేకుండానా ఇంతసేపూ?