పార్కిన్సన్స్: మాత్ర వేసినా మధ్యాహ్నం మూడింటికి కాళ్ళు కదలట్లేదు, పప్పూ పెరుగూ మాన్పించాలా?

కాకినాడ_కోడలు

మామగారికి 71 ఏళ్ళు, 60 కిలోలు. పార్కిన్సన్స్ ఆరేళ్ళ నుంచి. షుగర్ లేదు, బీపీకి పొద్దున ఒక మాత్ర ఉంది. సిండోపా 110 రోజుకి మూడు: ఏడింటికి కాఫీతో, ఒంటిగంటకి అన్నం తినగానే, రాత్రి ఎనిమిదింటికి భోజనం అయ్యాక. పరగడుపున వేస్తే వికారం అంటారు, అందుకే తిన్నాకే ఇస్తున్నాం. ఇవి కాక పొద్దున ఒక గ్యాస్ క్యాప్సూల్, మధ్యాహ్నం ఐరన్ మాత్ర.

ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా బాగానే తిరుగుతారు. మధ్యాహ్నం మాత్ర మాత్రం వేసినట్టే ఉండదు. మూడు నుంచి అయిదు దాకా కుర్చీలోంచి లేవలేరు. లేపినా బాత్రూం గడప దగ్గర కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి. పప్పు, పెరుగు మానేస్తే మాత్ర బాగా పనిచేస్తుందని ఒకరు చెప్పారు. పూర్తిగా మాన్పించాలా? గడప దగ్గర ఆగిపోతే ఏం చెయ్యాలి? డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి ఇంకా మూడు వారాలుంది.

చీటీ_చదువరి

మాన్పించక్కర్లేదండి. పప్పుతో పేచీ లేదు, పప్పూ మాత్రా ఒకేసారి లోపలికి వెళ్ళడంతోనే పేచీ.

సిండోపాలో అసలు మందు లివోడోపా. అది కడుపులో ఎక్కదు. కడుపు దాటి చిన్నపేగు మొదట్లోకి వెళ్తేనే రక్తంలో కలుస్తుంది. నిండా అన్నం తిన్న కడుపు దాన్ని కిందకి వదలడానికి గంటో రెండు గంటలో పడుతుంది, నెయ్యీ వేపుళ్ళూ తోడైతే ఇంకా ఆలస్యం. ఎలాగో పేగులోకి చేరిందనుకోండి, అక్కడ పప్పూ పెరుగూ అరిగి వచ్చిన అమైనో ఆమ్లాలు అప్పటికే బారులు తీరి ఉంటాయి. లివోడోపా కూడా ఆ జాతిదే, అన్నిటికీ ఒకటే గేటు. రక్తంలోంచి మెదడులోకి వెళ్ళే చోట మళ్ళీ అలాంటి గేటే, అదే తోపులాట. అందుకే ఒంటిగంట మాత్ర ఏ నాలుగున్నరకో ఎక్కుతుంది, కొన్నిరోజులు అసలు ఎక్కదు.

ఇంకో లెక్క కూడా చూడండి. సిండోపాలోనే ఉండే రెండో మందు కార్బిడోపాతో కలిపి వేసినా లివోడోపా రక్తంలో సగానికి పడిపోవడానికి సుమారు గంటన్నరే పడుతుంది. మొదటి ఏళ్ళలో మెదడు కొంత దాచుకుని సర్దుకుంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ దాపు తగ్గుతుంది. ఏడింటి మాత్ర పదకొండుకి దిగిపోయింది, ఒంటిగంటది ఎక్కలేదు. అంటే పదకొండు నుంచి అయిదు దాకా ఆయన ఇంచుమించు మందు లేకుండా ఉన్నట్టే. ఏడుకీ ఒంటిగంటకీ మధ్య ఆరుగంటల ఖాళీ ఉంచాలా, నాలుగో డోసు కలపాలా అన్నది డాక్టర్ తేల్చాల్సిన విషయం. మీ చేతిలో ఉన్నది ఒకటుంది: మాత్ర టైం కదపకండి, అన్నం టైం కదపండి. ఏడింటికి నీళ్ళతో మాత్ర, ఏడూ నలభైకి కాఫీ. ఒంటిగంటకి మాత్ర, ఒకటీ నలభైకి అన్నం. రాత్రి కూడా అంతే. ఎప్పుడైనా తినడం ముందే అయిపోతే కనీసం గంట, బరువైన భోజనమైతే రెండు గంటలు ఆగి వెయ్యండి. నిటారుగా కూర్చోబెట్టి నిండు గ్లాసు నీళ్ళతో ఇవ్వాలి. గుక్కెడు నీళ్ళతో మింగిస్తే మాత్ర ఒక్కోసారి గొంతులోనే, బుగ్గ పక్కనే ఉండిపోతుంది.

ఐరన్ మాత్ర లివోడోపాని పేగులోనే పట్టేసుకుంటుంది. రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. పడుకునే ముందు పదింటికి మార్చేయండి.

ఇక వికారం. 110 అంటే 100 మిల్లీగ్రాముల లివోడోపా, 10 కార్బిడోపా. కార్బిడోపా పనల్లా లివోడోపాని మెదడు బయట డోపమిన్‌గా (ఈ జబ్బులో మెదడుకి తక్కువయ్యే రసాయనం అదే) మారకుండా ఆపడమే. అలా బయట మారిన డోపమినే వాంతి పుట్టిస్తుంది. ఆ కాపలాకి రోజుకి 70 నుంచి 100 మిల్లీగ్రాముల కార్బిడోపా కావాలి, ఆయనకి అందుతున్నది 30. అదే కంపెనీ 125లో 100కి 25 ఉంటుంది, మూడు వేస్తే 75. లివోడోపా పెరగదు, వికారం తగ్గే అవకాశం ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్న డాక్టర్‌కి ఫోన్లోనైనా అడగండి. షాపువాళ్ళు ‘అన్నీ ఒకటేనండీ’ అని 275 చేతిలో పెడితే మాత్రం తీసుకోకండి, అందులో లివోడోపా 250.

ఈలోగా వికారంగా ఉంటే మాత్రతో రెండు బిస్కెట్లో సగం అరటిపండో పెట్టొచ్చు. మరమరాలు వద్దు, పొడిగా గొంతుకి అడ్డం పడతాయి.

సైడ్‌స్టాండ్

అందరూ పప్పు మీద పడ్డారు గానీ, ఆ గ్యాస్ క్యాప్సూల్ ఏమిటో ఎవరూ అడగలేదు. స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. వట్టి పాంటోప్రజోల్, రాబెప్రజోల్ అయితే భయం లేదు. దాని పక్కన లివోసల్పిరైడ్ అని ఉందా?

కాకినాడ_కోడలు

ఉందండి. పాంటోప్రజోల్ 40, లివోసల్పిరైడ్ 75 అని ఉంది. ఎనిమిది నెలల నుంచి వాడుతున్నారు, కడుపుబ్బరం అంటే వేరే డాక్టర్ రాశారు. ఆపేయమంటారా?

సైడ్‌స్టాండ్

లివోసల్పిరైడ్ డోపమిన్‌ని అడ్డుకునే మందు. ఒక చేత్తో డోపమిన్ పోస్తూ ఇంకో చేత్తో మూత పెడుతున్నట్టు. పార్కిన్సన్స్ లేనివాళ్ళకి కూడా దీనివల్ల వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి. మూడు వారాలు ఆగకుండా రేపే న్యూరాలజిస్టుకి స్ట్రిప్ ఫోటో పంపండి. గ్యాస్‌కి వట్టి పాంటోప్రజోల్ చాలేమో ఆయన చెబుతారు. ఆపినా రెండు రోజుల్లో తేడా కనిపించదు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఇంకోమాట, పాతదే మళ్ళీ తెచ్చుకోవడానికి స్ట్రిప్ పట్టుకెళ్తే అదే ఇస్తారు. కొత్త చీటీ రాయించుకోండి.

ఈ కోవలోవి ఇంకా ఉన్నాయి, ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో రాసిపెట్టుకోండి: వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్. కళ్ళు తిరగడానికిచ్చే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్. రాత్రి అరుస్తున్నారనీ, లేనివి కనిపిస్తున్నాయనీ ఇచ్చే హలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్. వాంతికి సాధారణంగా డోంపెరిడోన్ ఇస్తారు, అది మెదడులోకి పెద్దగా వెళ్ళదు. గుండె జబ్బు ఉంటే ముందు ఈసీజీ చూడాలి. జ్వరానికో విరేచనాలకో ఏ ఆసుపత్రిలో చేర్చినా ఆ అట్ట ముందు చూపించండి. వార్డులో మందులు నర్సు రౌండు ప్రకారం ఇస్తారు, సిండోపా మాత్రం ఇంటి టైంకే పడాలని గట్టిగా అడగండి.

గ్యాస్ మందు ఊపులో సిండోపాని ఒక్కపూట కూడా సొంతంగా ఆపకండి. హఠాత్తుగా ఆపితే ఒళ్ళు కొయ్యబారి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదకి రావచ్చు. ఏకాదశి ఉపవాసమైనా మాత్ర టైంకి నీళ్ళతో పడాల్సిందే.

పెసరట్టు_ఉప్మా

తిండి సంగతి. మొదట చీటీ_చదువరి గారు చెప్పిన ఎడం ఒక్కటే రెండు వారాలు పాటించండి. చాలామందికి అదే సరిపోతుంది. చాలకపోతేనే ప్రోటీన్‌ని రాత్రికి జరపడం. జరపడం అన్నాను, తగ్గించడం కాదు. 60 కిలోల మనిషికి రోజుకి 50 నుంచి 60 గ్రాములు పడాల్సిందే. ఈ జబ్బులో ఒళ్ళు ఎలాగూ కరుగుతుంది, పప్పూ పెరుగూ తీసేస్తే కాళ్ళలో మిగిలిన కాస్త కండ కూడా పోతుంది.

సుమారు లెక్క: రెండు ఇడ్లీలు 4 గ్రాములు, గుడ్డు 6, పెద్ద గ్లాసు పాలు 8, కప్పు పెరుగు 5, కప్పు ముద్దపప్పు 8 పైనే. కాబట్టి పొద్దున పెసరట్టు బదులు ఇడ్లీ, ఉప్మా. మధ్యాహ్నం కూర, చారు, పల్చటి మజ్జిగ. ముద్దపప్పు, గుడ్డు, చికెన్, గడ్డపెరుగు రాత్రికి. పాల డబ్బాల్లో వచ్చే ప్రోటీన్ పౌడర్ పొద్దునపూట కలిపిస్తుంటే అదీ రాత్రికే. నెలకోసారి బరువు చూడండి, రెండు కిలోలు తగ్గితే ఈ పద్ధతి ఆపి డాక్టర్‌కి చెప్పండి.

మలబద్ధకం గురించి మీరు రాయలేదు, కానీ ఉండే ఉంటుంది. అది ఉన్నప్పుడు మాత్రలు కూడా సరిగ్గా ఎక్కవు. ఇసబ్‌గోల్ ఒకటి రెండు చెంచాలు నిండు గ్లాసు నీళ్ళలో కలిపి వెంటనే తాగించాలి, పైన ఇంకో గ్లాసు. నీళ్ళు తక్కువైతే అది లోపల గడ్డకట్టి ఉన్న ఇబ్బందిని రెట్టింపు చేస్తుంది. మింగడం కష్టంగా ఉన్నవాళ్ళకి ఇది అసలు వద్దు, వేరే పౌడర్ రాయించుకోండి.

దూలగొండి చూర్ణం మంచిదని ఎవరో ఒకరు తెచ్చిస్తారు. ఆ గింజల్లో ఉన్నది నిజంగా లివోడోపానే. అందుకే మాత్రల మీద దాన్ని కలపకూడదు, చెంచాలో ఎంత ఉందో ఏ పొట్లం మీదా సరిగ్గా ఉండదు.

గడపదాటు

గడప దగ్గరికొస్తాను. ఫిజియోథెరపీ వాళ్ళందరూ మొదట చెప్పేది: చేతులు పట్టుకుని ముందుకి లాగకండి. ఒళ్ళు ముందుకొస్తుంది, పాదాలు అక్కడే ఉంటాయి, ఇద్దరూ పడతారు. పక్కన, అరడుగు వెనక నిలబడి నడుం దగ్గర పట్టుకోండి. ‘నడవండి నడవండి’ అని కంగారు పెట్టడం ఇంకా చెడ్డది. ఆగనివ్వండి. నిటారుగా నిలబడి, బరువు ఎడమకాలి మీదకి, కుడికాలి మీదకి రెండుసార్లు ఊగించాలి. ఎడమకాలి మీద బరువు ఉండగా ఒకటే మాట: ‘కుడికాలు, పెద్ద అడుగు.’

అలవాటుగా నడిపించే భాగం మొరాయించినా, కంటి ముందు గీత కనిపిస్తే దాటడానికి మెదడు వేరే దారి వాడుతుంది. గడపకి ముందు నాలుగు, లోపల రెండు పట్టీలు వెయ్యండి. రెండంగుళాల రంగు టేపు, నడిచే దారికి అడ్డంగా, పట్టీకీ పట్టీకీ మధ్య 40 నుంచి 45 సెంటీమీటర్లు. బాగున్న టైంలో ఆయన అడుగు కొలిచి దానికి సరిపెట్టండి. తెల్ల టైల్స్ మీద ముదురు నీలమో ఎరుపో. బాత్రూం పక్కన తడిగుడ్డ పెట్టేసరికి టేపు అంచులు లేస్తాయి, లేచిన అంచు కాలికి తగులుతుంది. వారానికోసారి చూడండి, లేదా పెయింట్ వేసెయ్యండి. గుమ్మం ముందు గోనెపట్టా, కాళ్ళు తుడుచుకునే గుడ్డ రెండూ తీసెయ్యాలి.

గీత లేని చోట లెక్కే గీత. బాగా నడిచే టైంలో నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తారో లెక్కపెట్టి, ఫోన్లో మెట్రోనోమ్ (టిక్ టిక్ మని తాళం వేసే యాప్) ఆ అంకెకే పెట్టండి. చిడతల తాళం వచ్చినవాళ్ళకి అది కూడా అక్కర్లేదు. తిరిగేటప్పుడు ఒకే కాలి మీద గిర్రున తిరగనివ్వకండి, చెట్టు చుట్టూ తిరిగినట్టు వెడల్పుగా రావాలి. చేతిలో చెంబు, నోట్లో కబురు రెండూ నడకలో వద్దు.

ఎత్తి పెట్టే నాలుగు కాళ్ళ వాకర్ కొనకండి. ఎత్తు, పెట్టు, అడుగు అనే ప్రతిసారీ నడక తెగి, ఆగిపోవడం ఎక్కువవుతుంది. చక్రాలదైతే బ్రేకు ఉన్నదే, అది కూడా ఫిజియో ముందు నడిపించి చూశాకే.

కుర్చీ సంగతి: సీటు నేల నుంచి 45 నుంచి 50 సెంటీమీటర్లు, చేతులు ఉన్నది. పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు కాలి బొటనవేళ్ళు దాటేలా వంగితే నడుం దానంతటదే లేస్తుంది. వెనక్కి వాలి ఉన్న మనిషిని చంకల కింద పట్టి లేపితే మీ నడుం పోతుంది.

చీటీ_చదువరి

ఒకటి మర్చిపోయాను. మూడింటికి లేవలేకపోవడం మొత్తం మందు దిగిపోవడమే అనుకోకండి, అన్నం తిన్నాక బీపీ పడిపోయినా ఇలాగే ఉంటుంది. ఈ జబ్బుకీ ఆ గుణం ఉంది, సిండోపాకీ ఉంది, పైన బీపీ మాత్ర కూడా వేస్తున్నారు. మూడింటికి అయిదు నిమిషాలు పడుకోబెట్టి చూడండి, నిలబెట్టి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్ళీ చూడండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే ఆ కాగితం డాక్టర్‌కి చూపించాలి, బీపీ మాత్ర తగ్గించాల్సి రావచ్చు. నిలబడలేకపోతే బలవంతం వద్దు, కూర్చోబెట్టి చూసి ‘కూర్చుని’ అని రాయండి.

కాకినాడ_కోడలు

అన్నిటికీ థాంక్సండి. రేపటి నుంచి అన్నీ మొదలుపెడతాను.

సైడ్‌స్టాండ్

అన్నీ ఒకేసారి వద్దండి. ఏది పనిచేసిందో తెలియదు. గ్యాస్ మందు ఫోటో రేపే, మాత్రకీ అన్నానికీ ఎడం కూడా రేపే. టేపు ఆదివారం. పప్పు రాత్రికి జరపడం రెండు వారాల తర్వాత, అవసరమైతే.

అపాయింట్‌మెంట్ ముందు మూడు రోజులు అరగంటకో గడి చొప్పున కాగితం గీసి నింపండి: ‘ని’ అంటే నిద్ర, ‘బి’ బిగుసుకున్నారు, ‘బా’ బాగున్నారు, ‘మె’ ఒళ్ళు దానంతటదే మెలికలు తిరుగుతోంది. మాత్ర వేసిన గడిలో చుక్క, తిన్న గడిలో సున్న. రెండు వీడియోలు కూడా తియ్యండి, ముప్పై సెకన్లు చాలు. ఒకటి మాత్ర వేసిన గంటకి, ఒకటి మూడున్నరకి. రెండూ అదే గడప దగ్గర, పక్క నుంచి, పాదాలు కనిపించేలా.