సర్వరు చిరునామాను స్విచ్ ఐదు నిమిషాలకే ఎందుకు మరచిపోతోంది?

క్లాక్‌టవర్_అనంత:

అందరికీ నమస్కారం. అనంతపురంలోని ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ ల్యాబు, నెట్‌వర్కు బాధ్యతలు నేను చూస్తున్నాను. మా సీసీ కెమెరాలన్నీ ఒక వీల్యాన్‌లోనూ (అవే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్కు భాగం), రికార్డింగు సర్వరు, ల్యాబు కంప్యూటర్లు మరొక వీల్యాన్‌లోనూ ఉన్నాయి. ఈ రెండింటినీ ప్రధాన భవనంలోని లేయర్ 3 స్విచ్, అంటే ఐపీ చిరునామాలను బట్టి వీల్యాన్‌ల మధ్య దారి చూపే స్విచ్, కలుపుతుంది. విద్యార్థులకు చూపించడానికి ల్యాబులోని ఒక కంప్యూటర్‌లో, నెట్‌వర్కు ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్ తెరిచినప్పుడు, ఆ కంప్యూటర్‌తో ఏ సంబంధమూ లేని కెమెరా వీడియో ప్యాకెట్లు ధారగా వచ్చిపడుతుండటం గమనించాను. వాటి గమ్య చిరునామా సర్వరుదే. ఎవరి ప్యాకెట్లు వారి పోర్టుకే పంపకపోతే హబ్‌కూ స్విచ్‌కూ ఇక తేడా ఏమిటి?

సర్వరు కేబులు ఊడదీసి మళ్ళీ పెడితే ఈ వరద ఆగిపోతుంది. సుమారు ఐదు నిమిషాల తరువాత తిరిగి మొదలవుతుంది. ఆఫీసు వీల్యాన్ నుంచి సర్వరుకు పింగ్ చేస్తే జవాబు చక్కగా వస్తుంది, రికార్డింగులోనూ లోపం లేదు. స్విచ్ పాడైందని, కొత్తది కొనమని అమ్మినవారు చెబుతున్నారు. కొనే ముందు, అసలు స్విచ్ చిరునామాలను ఎలా నేర్చుకుంటుందో, ఎక్కడ దాచుకుంటుందో, ఎప్పుడు చెరిపేస్తుందో తెలిసినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

కొండారెడ్డి_బురుజు:

కర్నూలులో ఈ పాఠం చెప్పేవాడిగా నాకు తోచినది రాస్తున్నాను. మీరు చెప్పిన ఐదు నిమిషాల లెక్కను బట్టి చూస్తే స్విచ్ నిక్షేపంగా ఉంది, తన పని తాను సక్రమంగానే చేస్తోంది.

ప్రతి ఈథర్నెట్ ఫ్రేము (కేబులు మీద వెళ్ళే డేటా మూట) మొదట 6 బైట్ల గమ్య చిరునామా, ఆ వెంటనే 6 బైట్ల మూల చిరునామా, అంటే పంపినవారి చిరునామా, ఉంటాయి. ఒక ఫ్రేము 7వ పోర్టులోకి వచ్చిందనుకోండి. స్విచ్ ముందుగా దాని మూల చిరునామాను చూసి, ఈ మ్యాక్ చిరునామా (నెట్‌వర్కు కార్డుకు ఉండే ఆ 6 బైట్ల చిరునామా) ఈ వీల్యాన్‌లో 7వ పోర్టు వైపు ఉన్నదని తన పట్టికలో రాసుకుంటుంది. అది అప్పటికే ఉంటే దాని కాలపరిమితిని మళ్ళీ మొదటి నుంచి లెక్కిస్తుంది. వేరే పోర్టు పేరిట ఉంటే పోర్టు సంఖ్యను అక్కడికక్కడే మార్చేస్తుంది. ఆ తరువాత గమ్య చిరునామాను అదే పట్టికలో వెతికి, దొరికితే ఆ ఒక్క పోర్టుకే పంపుతుంది, దొరికిన పోర్టు కూడా 7వదే అయితే ఫ్రేమును ఎక్కడికీ పంపకుండా వదిలేస్తుంది. దొరకకపోతే మాత్రం, వచ్చిన పోర్టును మినహాయించి, ఆ వీల్యాన్‌లోని పోర్టులన్నింటికీ పంపుతుంది. మీ వైర్‌షార్క్‌లో కనిపిస్తున్నది ఇదే.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. గమ్య చిరునామా నుంచి స్విచ్ ఏమీ నేర్చుకోదు. ఒక పరికరానికి సెకనుకు వేల ఫ్రేములు వెళుతున్నా, ఆ పరికరం తన నోరు తెరిచి ఒక్క ఫ్రేమైనా పంపకపోతే, స్విచ్‌కు అది ఎక్కడుందో తెలియదు. నేర్చుకున్న చిరునామా కూడా శాశ్వతం కాదు. స్విచ్‌ల పనితీరును నిర్దేశించే 802.1డి ప్రమాణం సూచించిన గడువు 300 సెకన్లు. దీనిని 10 నుంచి 10,00,000 సెకన్ల మధ్య ఎంతకైనా మార్చుకోవచ్చు. ఆ గడువులో ఆ చిరునామా నుంచి ఏ ఫ్రేమూ రాకపోతే స్విచ్ దానిని చెరిపేస్తుంది. మీ ఐదు నిమిషాలు అవే.

ఏడురోడ్లు_కడప:

బురుజు గారి వివరణ సరైనదే కాని, ఒక చిక్కు మిగిలిపోయింది. పింగ్‌కు జవాబు ఇస్తున్న సర్వరు మూగదని ఎలా అనగలం? అందువల్ల ప్రశ్న అడిగినవారిని ఒక విషయం అడగదలచుకున్నాను: ఆ సర్వరు లినక్స్‌దా, దానికి రెండు నెట్‌వర్కు కార్డులు ఉండి, రెండింటికీ ఒకే సబ్‌నెట్‌లోని (ఒకే చిరునామాల శ్రేణిలోని) ఐపీలు ఇచ్చారా? కడపలో ఇంటర్నెట్ సేవలు అందించే ఒక సంస్థలో పనిచేస్తున్నాను, ఇటువంటి అమరిక మాకు తరచూ ఎదురవుతుంది. వేగం పెరుగుతుందనే ఆశతో ఎవరో రెండవ కేబులు కూడా పెట్టేస్తారు. కెమెరాల ట్రాఫిక్ మొదటి కార్డుకు వస్తుంది, సర్వరు ఇచ్చే జవాబులు మాత్రం దాని రూటింగు పట్టిక ప్రకారం రెండవ కార్డు నుంచి బయటికి పోతాయి. అంటే సర్వరు మాట్లాడుతూనే ఉంటుంది, మొదటి కార్డు మాత్రం మౌనంగా ఉంటుంది.

ఐదు నిమిషాల తరువాతైనా లేయర్ 3 స్విచ్ ఆ చిరునామాను మళ్ళీ అడగవచ్చు కదా అనే సందేహం రావచ్చు. అది అడగదు. ఐపీకి తగిన మ్యాక్ ఏదో చెప్పే ఏఆర్‌పీ పట్టిక వేరు, మ్యాక్ ఏ పోర్టులో ఉందో చెప్పే పట్టిక వేరు. సిస్కో పరికరాలలో ఏఆర్‌పీ గడువు మామూలుగా 4 గంటలు, మ్యాక్ గడువు 5 నిమిషాలు. మొదటి పట్టికకు సర్వరు మ్యాక్ ఇంకా గుర్తుంటుంది, రెండవదానిలో అది ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది. ఆ మిగిలిన కాలమంతా వరదే. కేబులు ఊడదీసి పెట్టినప్పుడు ఆ కార్డు తన ఉనికిని తెలిపే ఏఆర్‌పీ ఫ్రేమును పంపుతుంది కాబట్టి ఐదు నిమిషాల ఊరట దొరుకుతోంది. వరదలో భాగంగానైనా వీడియో సర్వరుకు చేరుతున్నందున రికార్డింగులో లోపం కనిపించదు.

క్లాక్‌టవర్_అనంత:

మీరు ఊహించినట్లే ఉన్నది. సర్వరు వెనుక రెండు కేబుళ్ళు ఉన్నాయి, లినక్సే. వరద వస్తున్న సమయంలో స్విచ్‌లో షో మ్యాక్ అడ్రస్-టేబుల్ అని కొట్టి చూశాను. రెండవ కార్డు చిరునామా 14వ పోర్టులో ఉంది, మొదటి కార్డు చిరునామా జాబితాలో ఎక్కడా లేదు. మ్యాక్ గడువును 14,400 సెకన్లకు, అంటే ఆ 4 గంటలకు, పెంచేస్తే సరిపోతుందా? పట్టిక నిండిపోతుందేమోనని భయంగా ఉంది.

పెన్నా_తీరం:

పట్టిక గురించి నేను చెబుతాను. అది ప్రాసెసరు వాడుకునే మామూలు మెమొరీలో కాక, ఫ్రేములను నడిపించే చిప్‌లోనే ఉంటుంది. కొన్ని స్విచ్‌లలో అది క్యామ్ రకం మెమొరీ. చిరునామా ఇస్తే వరుసలన్నింటినీ ఒకేసారి పోల్చి పోర్టు సంఖ్యను చెప్పేస్తుంది. చాలా స్విచ్‌లలో మాత్రం 48 బిట్ల మ్యాక్‌ను, 12 బిట్ల వీల్యాన్ సంఖ్యను కలిపి హ్యాష్ చేసి (ఒక లెక్క ద్వారా చిన్న సంఖ్యగా మార్చి), వచ్చిన విలువను బట్టి కొద్దిపాటి స్థానాలున్న ఒక గడిలోకి వెళ్ళి చూస్తారు. ఈ పద్ధతిలో ఒక తిరకాసు ఉంది: పట్టికలో మొత్తం మీద ఖాళీ ఉన్నా, ఆ ఒక్క గడి నిండితే అక్కడికి రావలసిన కొత్త చిరునామాకు చోటు దొరకదు, దాని ట్రాఫిక్ వరదగానే పోతుంది.

8,192 చిరునామాల సామర్థ్యం ఉన్న స్విచ్‌లు సాధారణం కాబట్టి ల్యాబు కంప్యూటర్లతో పట్టిక నిండదు. వైఫై కూడా అదే స్విచ్ మీద నడుస్తుంటే లెక్క కాస్త మారుతుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క కల్పిత మ్యాక్‌ను చూపుతున్నాయి; మ్యాక్‌లోని రెండవ అంకె 2, 6, ఎ, ఇ లలో ఒకటైతే అది తయారీదారు ఇచ్చిన చిరునామా కాదని గుర్తుపట్టవచ్చు. ఇక దురుద్దేశంతో లేనిపోని చిరునామాలు కుమ్మరించి పట్టికను నింపేవారు కూడా ఉంటారు, ల్యాబు పోర్టులకు పోర్ట్ సెక్యూరిటీ పెట్టి ఒక్కో పోర్టుకు ఒకటి రెండు చిరునామాలకే పరిమితం చేయడం మేలు.

కొండారెడ్డి_బురుజు:

గడువు పెంచడం తప్పు కాదు, కాని నేనైతే ఏఆర్‌పీ గడువునే 300 కంటే తక్కువకు, ఉదాహరణకు 270 సెకన్లకు, తగ్గిస్తాను. అప్పుడు చిరునామా చెరిగేలోపే లేయర్ 3 స్విచ్ మళ్ళీ అడుగుతుంది, మొదటి కార్డు ఏఆర్‌పీ జవాబు ఇస్తుంది, ఆ జవాబుతో మ్యాక్ పట్టిక తాజాపడుతుంది. మ్యాక్ గడువును పెంచాలంటే ఆ వీల్యాన్ వెళ్ళే ప్రతి స్విచ్‌లోనూ పెంచాలి, ఒకటి మరచినా అక్కడ వరద మిగులుతుంది. దీనితో పాటు ల్యాబు పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (ఈ పోర్టులో కంప్యూటరే ఉందని స్విచ్‌కు చెప్పే అమరిక) ఉందో లేదో చూడండి. అది లేకపోతే, పాత స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య దారులు చుట్టు తిరగకుండా ఆపే పద్ధతి) వాడుతున్న చోట, ఒక కంప్యూటర్ వేసినా ఆపినా నెట్‌వర్కు ఆకృతి మారిందని భావించి స్విచ్‌లు మ్యాక్ గడువును కాసేపు 15 సెకన్లకు దించేస్తాయి. అప్పుడు 270 కూడా అక్కరకు రాదు.

ఏడురోడ్లు_కడప:

వీటన్నింటికంటే ముందు ఆ రెండు కార్డులను ఒకే బాండ్‌గా, అంటే ఒకే కార్డులా పనిచేసే జతగా, కలిపి, స్విచ్ వైపు కూడా ఆ రెండు పోర్టులను ఎల్ఏసీపీతో (ఇలా జత చేయడానికి రెండు వైపులా వాడే ప్రోటోకాల్) జత చేయండి, లేదా రెండవ కేబులు తీసేయండి. సర్వరును ఆపే వీలు ప్రస్తుతానికి లేకపోతే, మొదటి కార్డు చిరునామాను దాని పోర్టుకు స్టాటిక్ నమోదుగా రాసి ఉంచవచ్చు, దానికి గడువు ఉండదు. ఆ కేబులును వేరే పోర్టుకు మార్చిన రోజున ఆ వరుసను కూడా మార్చాలి. లేకపోతే వీడియో అంతా పాత పోర్టు వైపే పోయి సర్వరుకు ఏమీ చేరదు.