అప్‌డేట్: పిల్లల గదిలో ఉబ్బిన వాల్‌పేపర్

చెన్నై వేళచ్చేరి ఫ్లాట్‌లో పిల్లల గది వాల్‌పేపర్ ఉబ్బి ఊడుతోంది, మళ్ళీ అతికించాలా, పెయింట్ వేయాలా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే పేపర్ పీకేసి, అడుగు చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపు వేసి 24 గంటలు గోడకు ఉంచాం. చెమ్మ షీటుకు గోడను ఆనుకున్న వైపే పట్టింది. అంటే తేమ గోడలోదే, గదిలో గాలిది కాదు. ఆ గోడకు అవతల బాత్రూమ్ ఉంది, నీళ్ళు అక్కడినుంచే ఊరుతున్నాయనుకున్నాం. టైల్స్ సందుల్లో పాత గ్రౌట్ (సందులు పూడ్చే పూత) గీకించి, నీరు ఇంకని ఎపాక్సీ గ్రౌట్ నింపించాం. గోడను మూడు వారాలు ఆరనిచ్చి, పొడి రాలే పాత పుట్టీ పూర్తిగా గీకేశాక వైట్ సిమెంట్ పుట్టీ రెండుసార్లు, 180 నంబరు ఎమరీ కాగితంతో నునుపు, ప్రైమర్, ఆపైన కడగదగ్గ ఎమల్షన్ పెయింట్ రెండుసార్లు. గోడ ఆరబెట్టడంలో మాత్రం తొందర వద్దు, లేకపోతే పుట్టీ మళ్ళీ ఉబ్బుతుంది. బొమ్మల స్టిక్కర్లు ఇంకో నెల తర్వాతే. పుస్తకాల బీరువాను పొడి గోడవైపు మార్చి, మీదపడకుండా పైన ఎల్ ఆకారపు ఇనుప క్లాంపులతో గోడకు బిగించాం.