వీధి మలుపులో చెత్తకుండీ తీసేశారు: మేలా, కీడా?

గట్టుమీద ఇల్లు:
మాది పాలకొల్లు దగ్గర కాలువ గట్టున ఉన్న ఊరు. మా వీధి మలుపులోని సిమెంటు చెత్తకుండీని మూడు నెలల క్రితం పంచాయతీ వాళ్లు పగలగొట్టించారు. ఇంటింటికీ బండి వస్తుంది, తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వండి, ఇక కుండీ ఎందుకన్నారు. అక్కడే ఒక బోర్డు పాతారు: చెత్త వేస్తే 500 రూపాయల జరిమానా. ఇప్పుడు చెత్తంతా ఆ బోర్డు కిందే పడుతోంది, గాలికి లేచింది కాలువలో తేలుతోంది. కుండీ ఉన్నప్పుడు కనీసం ఒకచోట ఉండేది. మళ్లీ కట్టించమని గ్రామసభలో అడుగుదామనుకుంటున్నాను. మీరేమంటారు?

శివారు రైతు:
కుండీ కట్టించండి, మానండి, గట్టు మీద మాత్రం పోయనివ్వకండి. మాది నరసాపురం వైపు, కాలువకు చిట్టచివర. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నింపుకుంటాం. జూన్‌లో నీళ్లు వదిలేదాకా ఊరంతటికీ అవే. పై ఊళ్లవారు గట్టు మీద వేసింది గట్టు మీదే ఉంటుందనుకుంటారు. పోయిన ఏడాది చెరువు తూము దగ్గర ఐదుగురం కలిసి గుర్రపుడెక్క లాగితే, దాని వేళ్లకు చుట్టుకుని పాల ప్యాకెట్లు, డైపర్లు, కోడి ఈకల సంచి, అద్దం పగిలిన వేంకటేశ్వరస్వామి పటం వచ్చాయి. పటాన్ని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. చివరికి మాలో ఒకాయన కడిగి ఇంటికి తీసుకెళ్లాడు.

అరటాకు:
మనవాళ్లకు జరిమానా తప్ప ఏదీ తలకెక్కదు. చెత్తను వీధిలో, కాలువలో వేయకూడదని 2016లోనే కేంద్రం నియమాలు తెచ్చింది. ఇద్దరి దగ్గర వసూలు చేస్తే మూడోవాడు వేయడు. తెల్లవారగానే వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు పెడతారు, ఊడ్చిన తుక్కును పక్కవారి హద్దులోకి నెడతారు. ఇదీ మన శుభ్రత!

గట్టుమీద ఇల్లు:
వసూలు చేసేదెవరండీ? బోర్డు పాతించిన పెద్దమనిషి ఇంటి పెళ్లిలో వాడిన ప్లాస్టిక్ ప్లేట్లే ఇప్పుడు ఆ బోర్డు కింద ఉన్నాయి. చుట్టూ అరటి తోటలున్న ఊళ్లో విందుకు అరటాకులు దొరకలేదట.

పాత గుమస్తా:
పంచాయతీ ఆఫీసులో ఇరవై ఆరేళ్లు పనిచేసి దిగినవాడిని, కనుక తిట్లలో నాకూ వాటా ఉంది. అరటాకు గారూ, ఆ 2016 నియమాలు ప్రధానంగా మున్సిపాలిటీలకు, జనాభా లెక్కల్లో పట్టణాలుగా గుర్తించిన చోట్లకు రాసినవి. మామూలు పల్లె వాటి కిందికి వచ్చేది కాదు. పల్లెలో జరిమానా అంటే సర్పంచి తన ఓటరును డబ్బు అడగడమే. ఎవరు అడుగుతారు?

డబ్బు సంగతీ చెబుతాను. 15వ ఆర్థిక సంఘం సిఫారసుతో 2021-26లో కేంద్రం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు ఉండేది. అందుకే డబ్బే లేదనే మాట నేను పూర్తిగా నమ్మను. కానీ షెడ్డు కట్టడానికి ఉన్న ఉత్సాహం బండి తోసే మనిషి జీతం దగ్గర ఉండదు. చెత్త నుంచి సంపద కేంద్రమని మా ఊరి చివర రేకుల షెడ్డు వేశారు. వానపాముల ఎరువు తయారు కావలసిన తొట్లలో ఇప్పుడు ఎవరివో ధాన్యం బస్తాలున్నాయి. ఇక డెల్టా నేల బల్లపరుపు, మురుగుకాలువకు వాలు తక్కువ, ఒక సంచి అడ్డుపడినా నీరు ఆగుతుంది. పూడిక తీసి పక్కనే పోస్తాం, మొదటి వానకే అది మళ్లీ లోపలికి దిగుతుంది. ఆ పని నేనే ఎన్నిసార్లు చేయించానో!

భీమవరం బండి:
పట్టణం సంగతి కూడా వినండి. 2021 అక్టోబర్ 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం పెట్టి ఇంటింటికీ నెలనెలా రుసుము వేశారు, చెత్త పన్నని అందరం తిట్టుకున్నాం. 2024లో ప్రభుత్వం మారాక రద్దయింది, సంతోషించాం. అయితే ఒకటి గమనించాను. డబ్బు కట్టినన్నాళ్లు బండి రాకపోతే ఫోను చేసి గొడవపడేవాడిని. ఇప్పుడు రాకపోతే ఊరుకుంటున్నాను.

పెరటి జామ:
అరటాకు గారూ, మా ఇంట్లో ముగ్గు పెట్టేదీ నేనే, తుక్కు ఎత్తేదీ నేనే. గట్టు మీద పడి ఉండే మందు సీసాలు ఎవరివో మీరు చెప్పండి.

మా ఊరి వాట్సాప్ గ్రూపులో పోయిన నెల మా అత్తయ్య ఫోటో పెట్టారు, గట్టు మీద బకెట్ బోర్లిస్తుండగా తీసింది. కింద నవ్వు బొమ్మలు. ఆవిడకు డెబ్బై రెండేళ్లు. కాపురానికి వచ్చిన నాటి నుంచి అక్కడే పోస్తున్నారు. అప్పుడు బకెట్‌లో ఉండేది కూర తొక్కలు, చేప పొలుసులు. కోళ్లు, కాకులు తినేసేవి. పేడ, చెత్త పెరట్లో పెంటకుప్ప మీదికి వెళ్లేవి, ఏడాదికోసారి బండ్ల మీద పొలానికి పోయేవి. గేదెలను అమ్మేశాం, పెంటకుప్ప పోయింది, పెరడంతా సిమెంటు చేయించాం. పోసే చోటు మారలేదు, బకెట్‌లోది మారింది. ఆవిడకు సిగ్గు లేదని రాసినవాళ్లలో ఒక్కరూ ఇంటికి వచ్చి ఈ మాట చెప్పలేదు.

ఇంకోటి. బండి వచ్చేది తొమ్మిదిన్నరకు. నేను ఏడూ నలభై బస్సుకు వెళ్లిపోతాను. డైపర్లు ఏ డబ్బాలో వేయాలని అడిగితే బండి మీద ఉన్నాయనకే తెలియదు. శివారు రైతు గారూ, మీ తూముకు వచ్చినవాటిలో మా పాపవి ఉండి ఉండవచ్చు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

శివారు రైతు:
ఒప్పుకున్నది మీరొక్కరేనమ్మా.

అరటాకు:
ముగ్గు మాట వెనక్కి తీసుకుంటున్నాను. జరిమానా మాట తీసుకోను.

చీపురుకట్ట:
మా అమ్మ పంచాయతీలో పారిశుద్ధ్య కార్మికురాలు. ఇంతమంది రాశారు, కుండీని ఖాళీ చేసేదెవరో ఒక్కరూ రాయలేదు. పైపైది పారతో వస్తుంది. అడుగున తడిసి అతుక్కున్నదాన్ని వంగి చేత్తో తీయాలి. చేతి తొడుగులు ఇచ్చిన నెల ఉంటుంది, ఇవ్వని నెలలు ఉంటాయి. ఒకసారి పగిలిన ట్యూబ్‌లైటు ముక్క గుచ్చుకుని అమ్మ అరచేతికి ఏడు కుట్లు పడ్డాయి. ఇంటి ముందు డబ్బా అందుకుంటే లోపల ఏముందో కనిపిస్తుంది, గాజుముక్క ఉంటే అడగడానికి ఎదురుగా మనిషి ఉంటుంది. కుండీకి మొహం లేదు. దయచేసి దాన్ని మళ్లీ కట్టించకండి.

గట్టుమీద ఇల్లు:
ఇది నాకు తట్టలేదు. కుండీ అడగను. బండి ఉదయం ఆరున్నరకే రావాలని, డైపర్లకు విడిగా ఒక సంచి ఉండాలని అడుగుతాను. సరిపోతుందా?

చీపురుకట్ట:
ఆరున్నరకు బండి మీ వీధిలో ఉండాలంటే అమ్మ నాలుగున్నరకు లేవాలి. రెండో మనిషిని పెట్టమని కూడా అడగండి.

గట్టుమీద ఇల్లు:
రాసుకున్నాను. అదే మొదట అడుగుతాను.

శివారు రైతు:
ఈలోపు ఆ బోర్డు కిందిది ఎత్తించండి. ఇంకో నెలలో మేం చెరువు నింపుకోవాలి.