కాటా కంప్యూటర్‌ని విండోస్ 11కి మార్చడం, సీజన్‌లో అప్‌డేట్లని అదుపులో పెట్టడం

గోదారి_కాటా అడిగారు:

నమస్కారమండి. మండపేట వైపు రైస్ మిల్లులో లారీ కాటాకి కట్టిన కంప్యూటర్ గురించి అడుగుతున్నాను. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 10 ప్రో 32 బిట్. బరువు చూపించే ఇండికేటర్ నుంచి తొమ్మిది పిన్నుల కేబుల్ వస్తుంది, చివర యూఎస్‌బీ కన్వర్టర్ ఉంది. సాఫ్ట్‌వేర్ వీబీ6లో (పాత విజువల్ బేసిక్) రాసింది, డేటా అంతా యాక్సెస్ డేటాబేస్ ఫైల్లో ఉంటుంది. చేసిచ్చినవాళ్లు ఇప్పుడు దొరకరు, సెటప్ సీడీ మాత్రం ఉంది. చీటీలు 80 కాలమ్ డాట్ మ్యాట్రిక్స్ మీద తీస్తాం.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఏప్రిల్ వస్తే దాళ్వా ధాన్యం మొదలు. ఈ మెషీన్‌నే 11కి తీసుకెళ్లొచ్చా, కొత్తది కొనాలా? బండి కాటా మీద ఉండగా రీస్టార్ట్ అయిపోకుండా ఏం చెయ్యాలి? సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్‌ని డిసేబుల్ చేసేస్తే సరిపోతుందా?

తణుకు_సర్వీస్ జవాబు:

ఈ మెషీన్‌కి 11 ఆలోచన వదిలెయ్యండి. ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్నాయి. పైగా విండోస్ 11కి 32 బిట్ ఎడిషనే లేదు కాబట్టి మీ 32 బిట్ 10 మీద నుంచి అప్‌గ్రేడ్ దారి లేదు, డిస్కు తుడిచి కొత్తగా వెయ్యాల్సిందే. రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్ చేసి తనిఖీలు దాటించి ఎక్కించేవాళ్లూ ఉన్నారు. అలా ఎక్కించినదానికి ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్ మామూలుగా దానంతటది రాదు, మళ్లీ చేత్తో వేసుకోవాలి. ట్రాక్టర్లు వరసకట్టే చోట ఆ తద్దినం దేనికండి?

అలాగని ఇప్పటికిప్పుడు మార్చెయ్యొద్దు. సీజన్ ముంగిట కాటా కంప్యూటర్ మార్చడమంత తెలివితక్కువ పని లేదు. విండోస్ 10కి పొడిగింపు సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే ఈఎస్‌యూ, 2026 అక్టోబరు 13 దాకా తీసుకోవచ్చు. మీ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి (స్టార్ట్‌లో విన్‌వర్ అని కొడితే కనిపిస్తుంది). అడ్మిన్ అకౌంట్‌తో సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీకి వెళ్తే విండోస్ అప్‌డేట్ పేజీలో 'ఎన్‌రోల్ నౌ' లింకు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ తప్పనిసరి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. అది ఇష్టం లేకపోతే 1000 రివార్డ్స్ పాయింట్లు గానీ 30 డాలర్లు గానీ అడుగుతుంది. ఒక లైసెన్సు 10 మెషీన్ల దాకా సరిపోతుంది కాబట్టి ఆఫీసు గదిలో ఉన్నవి కూడా కలిపేసుకోండి.

దీంతో దాళ్వా గట్టెక్కుతుంది. సార్వా ధాన్యం వచ్చేది నవంబరు, డిసెంబరుల్లో. అప్పటికి ఈఎస్‌యూ అయిపోతుంది. అందుకని జూన్ నుంచి సెప్టెంబరు లోపు కొత్త మెషీన్ పక్కన పెట్టి, కొన్నాళ్లు రెండింటినీ నడిపి, అప్పుడు పాతది తియ్యండి. ఆఫీసుల నుంచి వచ్చే రీఫర్బిష్డ్ ఎనిమిదో తరం ఐ5 అయినా చాలు. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్పు) చూసుకోండి. విండోస్ మాత్రం ప్రో ఎడిషనే తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను. వెర్షన్ 25హెచ్2 వెయ్యండి. 24హెచ్2 గడువు హోమ్, ప్రోలకి 2026 అక్టోబరు 13కే అయిపోతుంది, 25హెచ్2కి 2027 అక్టోబరు 12 దాకా ఉంది.

ఇక అప్‌డేట్ల అదుపు. ప్రోలో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉంటుంది (రన్‌లో జీపీఎడిట్ డాట్ ఎంఎస్‌సీ). కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, విండోస్ అప్‌డేట్ వరసలో లోపలికి వెళ్లండి. 'మేనేజ్ అప్‌డేట్స్ ఆఫర్డ్ ఫ్రమ్ విండోస్ అప్‌డేట్' అనే ఫోల్డర్‌లో మూడు పెట్టాలి.

ఒకటి, 'సెలెక్ట్ ద టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్'. మొదటి గడిలో విండోస్ 11, రెండో గడిలో 25హెచ్2 అని రాస్తే ఆ వెర్షన్ గడువు దాకా అక్కడే ఉంటుంది. రెండు, 'డు నాట్ ఇన్‌క్లూడ్ డ్రైవర్స్ విత్ విండోస్ అప్‌డేట్స్' ఎనేబుల్. కాటా మెషీన్‌కి అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. బరువు రావడం ఆగిపోయిన కేసుల్లో విండోస్ చెడిపోవడం అరుదు. రాత్రికి రాత్రి కన్వర్టర్ డ్రైవర్ మారిపోయి ఉంటుంది. మూడు, 'సెలెక్ట్ వెన్ క్వాలిటీ అప్‌డేట్స్ ఆర్ రిసీవ్డ్' దగ్గర 10 రోజులు వెయ్యండి. 30 దాకా ఒప్పుకుంటుంది గానీ అంత అక్కర్లేదు. నెలవారీ ప్యాచ్ అమెరికాలో రెండో మంగళవారం వదులుతారు, మనకి అది రాత్రి పొద్దుపోయాక దిగుతుంది. అందులో ఏదైనా తేడా ఉంటే పది రోజుల్లో లోకానికంతా తెలిసిపోతుంది.

పక్కనే ఉన్న 'మేనేజ్ ఎండ్ యూజర్ ఎక్స్‌పీరియెన్స్' ఫోల్డర్‌లో 'కాన్ఫిగర్ ఆటోమేటిక్ అప్‌డేట్స్'ని 2కి పెట్టండి. డౌన్‌లోడ్‌కి ముందే అడుగుతుంది. కాటా ఖాళీగా ఉన్నప్పుడు మీరే నొక్కి, మీరే రీస్టార్ట్ చేస్తారు.

కోతలు ముమ్మరంగా ఉన్న వారాల్లో అసలేమీ వద్దనుకుంటే విండోస్ అప్‌డేట్ పేజీలో 'పాజ్' ఉంది, 5 వారాల దాకా. అది ముగిశాక పెండింగ్‌లో ఉన్నవి వేసుకుంటేనే మళ్లీ పాజ్ చెయ్యనిస్తుంది. కాబట్టి మార్చి ఆఖర్లో అన్నీ వేసేసి, రెండు రోజులు చీటీలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసి, అప్పుడు పాజ్ నొక్కండి. 'గెట్ ద లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్ దే ఆర్ అవైలబుల్' అనే మీట ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండాలి, అది ఆన్‌లో ఉంటే నెలాఖరు ప్రివ్యూలు కూడా వచ్చి పడతాయి.

భీమవరం_నెట్ జవాబు:

హోమ్ ఎడిషన్ ఉన్నవాళ్ల కోసం. పాలసీ ఎడిటర్ ఉండదు కాబట్టి పాజ్, యాక్టివ్ అవర్స్, మీటర్డ్ కనెక్షన్, ఈ మూడే ఆధారం. యాక్టివ్ అవర్స్ అంటే దానంతటది రీస్టార్ట్ అవ్వకూడని వేళలు, 18 గంటలకి మించి ఒప్పుకోదు. పొద్దున్న 6 నుంచి రాత్రి 12 పెట్టుకోండి. మీటర్డ్ (ఈ నెట్‌లో డేటా పరిమితం అని విండోస్‌కి చెప్పడం) అనేది ఒక్కో నెట్‌వర్క్‌కి విడిగా పెట్టాలి. ఫైబర్ వైఫైకి పెట్టి, కరెంటు పోయినప్పుడు ఫోను హాట్‌స్పాట్‌కి మారితే దానికి మళ్లీ పెట్టాలి.

సర్వీస్ డిసేబుల్ చెయ్యడం మాత్రం వద్దండి. విండోస్ అప్‌డేట్ మెడిక్ సర్వీస్ అని ఇంకోటి ఉంది, దాని పనే మొదటిదాన్ని మళ్లీ లేపడం. మీరు ఆపారనుకుంటారు, అది సరిగ్గా బండ్ల రద్దీలో లేస్తుంది. ఏదో టూల్ వేసి నిజంగానే చంపేస్తే విండోస్ యాంటీవైరస్ డిఫెండర్‌కి వైరస్ జాబితాలు కూడా మామూలు దారిలో రావు. మిల్లులో ఆడిటర్ పెన్‌డ్రైవ్, బ్రోకర్ పెన్‌డ్రైవ్ అన్నీ ఆ మెషీన్‌కే గుచ్చుతారు కదా.

గోదారి_కాటా:

ఆయ్, చాలా థాంక్సండి. ఈఎస్‌యూ ఇవాళే చేసేస్తాను. కన్వర్టర్ గురించి ఒక అనుమానం. దాని మీద కంపెనీ పేరు లేదు, నీలం రంగు ప్లాస్టిక్. విండోస్ 10లో బాగానే ఉంది. 11లో పనిచేస్తుందా లేదా ముందే తెలుసుకునే దారి ఉందా?

కామ్‌పోర్ట్_కాకినాడ జవాబు:

ఉంది. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద దాన్ని తెరిచి, డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వీఐడీ (తయారీదారు నంబర్) 0403, పీఐడీ (మోడల్ నంబర్) 6001 ఉంటే ఎఫ్‌టీడీఐ చిప్పు, నిశ్చింతగా ఉండండి. వీఐడీ 1ఏ86, పీఐడీ 7523 అయితే సీహెచ్340, అదీ పర్వాలేదు. వీఐడీ 067బీ, పీఐడీ 2303 అయితే ప్రోలిఫిక్ పాత తరం, అసలు పేచీ దాంతోనే. పాత హెచ్ఎక్స్ఏ చిప్పు మీద కొత్త డ్రైవర్ పడితే డివైస్ మేనేజర్‌లో పేరు స్థానంలోనే '2012 నుంచి ఈ చిప్పు ఆపేశాం, అమ్మినవాళ్లని అడగండి' అన్న అర్థంలో ఇంగ్లిషు వాక్యం కనిపిస్తుంది. టీఏ అనే ఇంకో రకం 10లో శుభ్రంగా నడుస్తుంది, 11లో 'సపోర్ట్ లేదు' అంటుంది. కాబట్టి 10లో బాగుందన్న మాటని నమ్ముకోవద్దు. పాత డ్రైవర్‌ని చేత్తో వెనక్కి వేసి నెట్టుకొచ్చేవాళ్లున్నారు, డ్రైవర్ అప్‌డేట్లు ఆపినంతకాలం అది నడుస్తుంది. కాటాకి మాత్రం ఎఫ్‌టీడీఐ కేబుల్ కొనడమే మేలు.

ఎఫ్‌టీడీఐతో ఇంకో లాభముంది. చిప్పులో సీరియల్ నంబర్ ఉంటుంది గనక ఏ యూఎస్‌బీ రంధ్రంలో పెట్టినా అదే కామ్ (సీరియల్ పోర్టు) నంబర్ వస్తుంది. సీరియల్ నంబర్ లేనివి రంధ్రం మారితే కామ్3 పోయి కామ్7 అవుతాయి, సాఫ్ట్‌వేర్ కామ్3 దగ్గరే ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అప్పుడు పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో నంబర్ మార్చుకోవాలి. 'ఇన్ యూజ్' అని అడ్డం పడితే, వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ నొక్కి, మసకగా కనిపించే పాత పోర్టుని అన్ఇన్‌స్టాల్ చెయ్యండి.

రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ కొనేటప్పుడు వెనక తొమ్మిది పిన్నుల పోర్టు ఉన్నది దొరుకుతుందేమో చూడండి. దొరికితే కన్వర్టర్ గొడవే లేదు. లేకపోయినా బోర్డు మీద 10 పిన్నుల కామ్ హెడర్ ఉంటే బ్రాకెట్ కేబుల్ వేసుకోవచ్చు. ఆ బ్రాకెట్లు రెండు రకాల వైరింగ్‌తో వస్తాయి, తప్పుది వేస్తే డేటా రాదు.

కొత్త మెషీన్‌లో సాఫ్ట్‌వేర్ వెయ్యకముందే పుట్టీ అనే ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. సీరియల్ ఎంచుకుని, కామ్ నంబర్, స్పీడ్ ఇచ్చి తెరిస్తే బరువు అంకెలు వరసగా పారాలి. పిచ్చి అక్షరాలొస్తే స్పీడో పారిటీయో తేడా (2400 లేదా 9600 ఎక్కువగా ఉంటాయి). పాత సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ఉన్నవే రాసుకోండి. ఏమీ రాకపోతే కేబుల్ ఇండికేటర్ నుంచి తీసి, కంప్యూటర్ వైపు కొసలో 2, 3 పిన్నులు కలిపి ఏదైనా టైప్ చెయ్యండి. టైప్ చేసింది తెరమీద కనిపిస్తే పోర్టు మంచిదే, లోపం అవతల వైపుంది. ఇండికేటర్‌లో మాత్రం వేలు పెట్టొద్దు. తూనికలు కొలతల వాళ్ల సీలు తెగితే కంప్యూటర్ కంటే పెద్ద తలనొప్పి.

విండోస్ వేశాక పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ రెండూ ఆపండి. కాసేపు బండ్లు రాకపోతే పోర్టు నిద్రపోయి, తర్వాతి బండికి బరువు రాని కేసులు సగం దీనివల్లే.

తణుకు_సర్వీస్:

ఇంకో వింత చెప్పాలి. కొత్త డ్రైవర్ పడ్డాక కంప్యూటర్ ఆన్ చేస్తే మౌస్ బాణం తెరమీద దానంతటదే గెంతులేస్తూ, కనిపించినవన్నీ నొక్కేస్తుంటే వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టకండి. ఇండికేటర్ ఆగకుండా పంపే అంకెల్ని విండోస్ పాతకాలపు సీరియల్ మౌస్ అనుకుంటుంది. ఇండికేటర్ కేబుల్ పీకి, డివైస్ మేనేజర్‌లో మైస్ కింద 'మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్' అని ఉన్నదాన్ని డిసేబుల్ చెయ్యండి, అన్ఇన్‌స్టాల్ కాదు. అన్ఇన్‌స్టాల్ చేస్తే మళ్లీ పుడుతుంది. ఎఫ్‌టీడీఐ అయితే పోర్ట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'సీరియల్ ఎన్యూమరేటర్' టిక్కు తీసేస్తే మూలానికే పోతుంది.

డేటా తరలించేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. వీబీ6 ప్రోగ్రాములు చాలావరకు యాక్సెస్ ఫైలుని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో తమ ఫోల్డర్‌లోనే పెట్టుకుంటాయి. అక్కడ రాయడానికి విండోస్ ఒప్పుకోదు గనక లోపల్లోపల దారి మళ్లిస్తుంది. అసలు డేటా యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ కింద ఉంటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న కాపీ తెచ్చి పెడితే ఇన్‌స్టాల్ చేసిన రోజు నాటి ఖాళీ ఫైలు వస్తుంది. పాత డిస్కు ఫార్మాట్ చేశాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు. రెండు చోట్లా ఫైలు సైజు, తేదీ చూసి పెద్దదీ కొత్తదీ తీసుకోండి. కొత్త మెషీన్‌లో ప్రోగ్రామ్‌ని సీ డ్రైవ్‌లో కాటా అని విడి ఫోల్డర్ చేసి అందులో వేస్తే ఈ గోలే ఉండదు.

మొదటిసారి తెరిచినప్పుడు 'ఎంఎస్‌కామ్32 డాట్ ఓసీఎక్స్ రిజిస్టర్ కాలేదు' అనొచ్చు. 64 బిట్ విండోస్‌లో ఆ ఫైలు సిస్టమ్32లో కాదు, సిస్‌వావ్64లో పెట్టి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడున్న రెగ్‌ఎస్‌వీఆర్32తో రిజిస్టర్ చెయ్యాలి. పేరు చూస్తే తిరకాసుగా ఉంటుంది గానీ 32 బిట్ ఫైళ్ల చోటు అదే.

భీమవరం_నెట్:

తేదీ కూడా చూసుకోండి. కొత్త విండోస్‌ని అమెరికా ఇంగ్లిష్‌తో వేస్తే నెల ముందు, రోజు తర్వాత వస్తుంది. ఏప్రిల్ 5 చీటీ మే 4 అయి కూర్చుంటుంది, 13వ తారీఖు నుంచి ఎర్రర్ కొట్టినా కొట్టొచ్చు. రీజియన్‌ని ఇంగ్లిష్ ఇండియాకి మార్చి, షార్ట్ డేట్‌ని పాత మెషీన్‌లో ఉన్నట్టే, మధ్యలో ఏటవాలు గీతా (/) అడ్డగీతా (-) అన్నదాంతో సహా, పెట్టండి.

ప్రింటర్‌కి యూఎస్‌బీ ఉంటే సమస్య లేదు. పాత ప్యారలల్ కేబులే అయితే యూఎస్‌బీ ప్యారలల్ కన్వర్టర్ పని చేస్తుంది, కానీ దాన్ని విండోస్ యూఎస్‌బీ001 అంటుంది, ఎల్‌పీటీ1 (పాత ప్యారలల్ పోర్టు పేరు) అనదు. మీ సాఫ్ట్‌వేర్ విండోస్ ప్రింటర్ పేరుతో ముద్రిస్తే చాలు. నేరుగా ఎల్‌పీటీ1కి పంపే రకమైతే ప్రింటర్‌ని షేర్ చేసి నెట్ యూజ్ కమాండ్‌తో ఆ షేర్‌ని ఎల్‌పీటీ1కి కట్టాలి. సెట్టింగ్స్‌లో 'విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్' అని కనిపిస్తే ముట్టుకోకండి, అది ఆన్ చేస్తే ప్రింటర్ కంపెనీ డ్రైవర్లు పనిచెయ్యవు.

గోదారి_కాటా:

హార్డ్‌వేర్ ఐడీ చూశానండి, 067బీ, 2303. ఎఫ్‌టీడీఐ కేబుల్ ఇప్పుడే తెప్పించి పాత మెషీన్‌కే పెట్టెయ్యొచ్చా, కొత్తదాని దాకా ఆగాలా?

కామ్‌పోర్ట్_కాకినాడ:

ఇప్పుడే తెప్పించండి, కానీ పాతదానికి పెట్టొద్దు. నడుస్తున్నదాన్ని దాళ్వా అయ్యేదాకా కదపకండి. కొత్త కేబుల్ పుట్టీతో ఒకసారి చూసి బీరువాలో పెట్టుకుంటే, మధ్యలో పాతది పోయినా అదే రోజు అక్కరకొస్తుంది. దాని డ్రైవర్ కూడా ముందే దింపి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి, ఆ రోజు నెట్ ఉంటుందో లేదో.