థాయ్ ఆనియన్ అని అమ్మిండ్రు, అసలు ఇది ఏం గడ్డ?

ట్యాంక్‌పిచ్చోడు: హన్మకొండల ఒక అక్వేరియం మొక్కల దుకాణంల థాయ్ ఆనియన్ అని రెండు గడ్డలు కొన్న, ఒక్కోటి 350. ఒకటి చేపల ట్యాంక్‌ల పూర్తిగ ముంచి పెట్టిన, మూడు వారాలల్ల కుళ్లి వాసనొచ్చింది. ఇంకోటి బయట కుండీల బురదల పెడ్తే పూలు పూసింది. ఇది క్రైనం అనే గడ్డమొక్కనా, అపోనోజెటన్ అనే నీటిమొక్కనా?

వాగొడ్డు: కుళ్లినదాన్ని అడ్డంగ కోసి చూడు తమ్మి. ఉల్లిగడ్డ లెక్క పొరలుంటె బల్బ్, క్రైనం. ఆలుగడ్డ లెక్క ఒకటే గట్టి ముద్ద అయితె ట్యూబర్, అపోనోజెటన్.

చెరువుకట్ట: కోసినంక చేతులు కడుక్కో. క్రైనం గడ్డల లైకోరిన్ అనే విషం ఉంటది, కడుపులకు పోతె వాంతులే.

అక్వాసేట్: మనం ఆలుగడ్డను గడ్డే అంటం, ఉల్లిగడ్డను గడ్డే అంటం, ఇండ్ల కొట్లాటేంది? అపోనోజెటన్‌ను కూడ మార్కెట్ల అందరు బల్బ్ అనే అమ్ముతరు. పదేండ్లాయె నేను మొక్కలు అమ్మవట్టి, ఒక్క గిరాకి కూడ కోసి చూడలే.

వాగొడ్డు: తేడా తెల్వక పైసలు పోయేది గిరాకివే కదన్నా. అపోనోజెటన్ కొన్ని నెలలు ఆకులు రాల్చి పండుకుంటది, జనం సచ్చిందనుకొని పారేస్తరు, గడ్డ నొక్కితె గట్టిగుంటె అది బతికే ఉన్నట్టు. తమ్మి, పువ్వు ఎట్లుందో చెప్పు.

ట్యాంక్‌పిచ్చోడు: పొరలే ఉన్నయన్న. పువ్వయితె పొడుగు కాడ మీద గుత్తి, ఒక్కోదానికి ఆరు సన్నటి తెల్ల రేకులు, కేసరాలు కొంచెం ఎర్రగ.

వాగొడ్డు: కేసరాల అడుగున తెల్ల గిన్నె లేదు కదా, అంటె దీని లెక్కనే కనపడే హైమెనోకాలిస్ మొక్క కాదు. క్రైనమే, కానీ థాయ్‌ది కాదు. అసలు థాయ్ ఆనియన్ అంటె క్రైనం థాయానం, అది దక్షిణ థాయ్‌లాండ్ వాగులల్లనే పుడతది, ఆకు రిబ్బన్ లెక్క రెండు మీటర్లు దాటి పారే నీళ్లల్ల సోలిపోయి ఉంటది. నీది మన వాగొడ్ల బురదల పెరిగే క్రైనం వివిపారం, పాత పుస్తకాలల్ల డెఫిక్సం అని రాస్తరు. ఒడ్డు మొక్కను ముంచితె కుళ్లదా మరి?

అక్వాసేట్: ఫోటో సూడకుండనే తీర్పు చెప్పుడా? ఆ దుకాణం నాదే. హోల్‌సేల్ల థాయ్ అని ఇచ్చిండ్రు, నేను గట్లనే అమ్మిన.

వాగొడ్డు: హోల్‌సేలా? మా ఊరి వాగుకు మొన్న పోతె ఒడ్డంత గుంటలే. నలభై దుబ్బలుండె, ఆరు మిగిలినయి. మా నాయనతోని ఎడ్లు కడగ పోయినప్పటి సంది సూస్తున్న ఆ పూలు. బల్బా ట్యూబరా అన్నది కాదు నా కడుపుమంట, నిజం చెప్పు, ఎక్కడ తవ్విండ్రు?

అక్వాసేట్: మీ ఊరో ఏ ఊరో నాకు తెల్వదు, తవ్వించిన, అయితేంది? ఇసుక ట్రాక్టర్లు రాత్రికి రాత్రి ఒడ్డుతోని సహ ఎత్తుకపోతె ఒక్కడు నోరు తెర్వడు, నేను ఇరవై గడ్డలు తీస్తె దొంగనైతినా? నెల తిరిగితె కిరాయి కట్టాలె.

చెరువుకట్ట: ఇసుక మాట నిజమే.

వాగొడ్డు: ఇసుకోళ్ల మీద కూడ నేను దరఖాస్తు పెట్టిన, ఎవ్వరు రాలే. థాయ్‌లాండ్ల ఆ అసలు మొక్క కూడ గిట్లనే పోయింది, ఒకదిక్కు వాగులు తవ్వుడు, ఇంకోదిక్కు గడ్డలు ఏరి అమ్ముడు. ఏ జీవులు అంతరించిపోతున్నయో లెక్క తీసే ఐయూసీఎన్ సంస్థ 2011ల దాన్ని అంతరించే ప్రమాదమున్న జాబితాల పెట్టింది. గింజలు ఏరుకపో అన్నా, ఎవ్వరు కాదంటరు? దుక్కగుంటయి, గట్టి తొక్క ఉండదు, తడిబురద తగిలితె వాటంతటవే మొలుస్తయి.

అక్వాసేట్: గింజ అమ్మే సైజు గడ్డ కావాలంటె ఏండ్లు పడ్తది. తమ్మి, దుకాణం కాడికి రా, కుళ్లినదాని పైసలు తీస్కపో. థాయ్ అన్న చీటీ తీసేస్త. తవ్వుడు బంద్ అని మాత్రం మాటియ్య.

ట్యాంక్‌పిచ్చోడు: కుండీల దానికి రెండు కాయలు పడ్డయి. వాగొడ్డన్న, పండినంక తెస్త, మీ వాగు ఏడుందో చెప్పు.